కోట బయటి చెక్క ఇళ్ళు

2024 నవంబరు 8, శుక్రవారం. దోహా, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేట. మధ్యాహ్నం భోజనాల తరవాత, మేముండే విల్లా కింది హాలు.

హాజరైనవారు: నేను. మా అమ్మాయి. మా అల్లుడు. హాలుకి అవతలి వాటాలో ఉండే గుంటూరు అకౌంటెంటు. బయటి గదిలో ఉండే రాయచోటి డ్రైవరు, అతని భార్య. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ కంపెనీ క్యాంపులో ఉంటున్న షట్టరింగ్ కార్పెంటరు. రానివారు: అకౌంటెంటు భార్య. చెల్లెలి పెళ్ళికి ఊరెళ్ళింది.

విషయం: హాలండు దేశంలో నార్డెన్ అనే చిన్న కోట ఊరు. చెప్పినవాడు: నేను.

ఇరిగేషన్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన రోజుల నుంచి నా డైరీ ఇలాగే మొదలవుతుంది. ముందు తేదీ, తరవాత ఎవరెవరున్నారు, ఆ తరవాత పని. మర్నాడు పొద్దున ఏమైందో కూడా రాశాకే కింద గీత గీస్తాను. రాత్రి కాలవకి నీళ్ళు వదిలామని రాసుకుంటే సరిపోదు, పొద్దున వెళ్ళి కట్ట నిలిచిందో లేదో చూసొచ్చి రాయాలి అని మా పైఅధికారి ఒకాయన చెప్పేవాడు. రిటైరై అమ్మాయి దగ్గరికి వచ్చాక నా చుట్టుపక్కల కాలవ అన్నది లేదు. అలవాటు మాత్రం వెంట వచ్చింది.

శుక్రవారం కూడిక గురించి కొంచెం చెప్పాలి. మా విల్లా ఒకప్పుడు ఒకే కుటుంబం కోసం కట్టింది. ఇప్పుడు కింద రెండు వాటాలు, మధ్యలో పెద్ద హాలు. ఆ హాలు ఎవరిదీ కాదు కనుక అందరిదీ. శుక్రవారం అందరికీ సెలవు. భోజనాలయ్యాక అక్కడ చాపలేసుకుని, వారానికి సరిపడా గోంగూర ఆకు గిల్లుకుంటూ కూర్చుంటాం. గిల్లుతున్నంతసేపూ ఒకరు తమకు తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి. రాజకీయాలు, రాష్ట్రాల తగువులు నిషేధం. డ్రైవరు తన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పెంచుకునే డేగని ఆసుపత్రికి తీసుకెళ్ళిన వైనం చెప్పాడు. డేగకి ఏసీ సీటు, డ్రైవరుకి కిటికీ. కార్పెంటరు శ్లాబు పోసిన మర్నాడు దాని మీద మొదట ఎవరు నడవాలి అన్న విషయం చెప్పాడు. అకౌంటెంటు మామిడిపండులో పీచు ఎంత ఉందో కొయ్యకుండా ఎలా తెలుసుకోవాలో చెప్పాడు. అది మామిడిపళ్ళ కాలం కాదు, కనుక రుజువు చూపించలేకపోయాడు.

ఈసారి వంతు నాది. నేను నార్డెన్ ఎంచుకున్నాను.

ఎప్పుడూ చూడని ఊరు. మా అల్లుడు సముద్రం పూడిక తీసే కంపెనీలో పనిచేస్తాడు. ఆ పని నేర్పడానికి అతన్ని కంపెనీ హాలండు పంపింది. తిరిగొస్తూ అందరికీ చాక్లెట్లు, నాకు మాత్రం ఆ ఊరి పటం, సన్నటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చాడు. ఎందుకంటే నేను బందరువాణ్ణి. మా ఇల్లు వలందపాలెంలో. మా చిన్నప్పుడు వలంద అంటే ఏమిటో ఎవరూ అడగలేదు. ఇంగిలీషుపాలెం అంటే ఇంగిలీషువాళ్ళది, పరాసుపేట అంటే పరాసులది, వలందపాలెం అంటే మాది అనుకునేవాళ్ళం. వలందలంటే హాలండు వాళ్ళని హైస్కూల్లో తెలిసింది. అప్పటికే వాళ్ళ సమాధుల మధ్య చాలాకాలంగా గోళీలాడుతున్నాం. వాళ్ళు మా ఊరొచ్చి ఏం కట్టారో కొంత చూశాను. వాళ్ళ ఊళ్ళో ఏం కట్టుకున్నారో చూడాలని ఉండేది. పటంలో చూశాను.

ఇక బయటి గది సంగతి. అది రాయకపోతే మిగతాది అర్థం కాదు.

రాయచోటి డ్రైవరు ఈ దేశంలో చాలా ఏళ్ళుగా ఉన్నాడు. అతని భార్య కూడా ఇక్కడే ఉండేది, కానీ వేరే చోట. అతను ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో కఫీల్ ఇంటి గేటు పక్క డ్రైవరు గదిలో. ఆమె అల్ ఘర్రాఫాలో ఒక ఇంట్లో వంటపని. ఇద్దరికీ శుక్రవారం రెండు గంటలు సెలవు. అల్ మన్సూరాలో ఒక కూరగాయల కొట్టు ముందు కలుసుకుని, కొత్తిమీర కట్టలు ఏరుతున్నట్టు నిలబడి మాట్లాడుకునేవాళ్ళట. కొట్టువాడు మొదట్లో విసుక్కున్నా తరవాత కట్టలు వాళ్ళే సర్దిపెడుతున్నారని ఊరుకున్నాడు. నిరుడు ఆమెకి స్కూలు బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయా పని దొరికింది. అతని కఫీల్ బయట ఉండడానికి ఒప్పుకున్నాడు. మా ప్రహరీగోడకీ విల్లాకీ మధ్య ఉన్న ఖాళీలో ప్లైవుడ్ గది ఒకటి కట్టుకోవడానికి ఇంటి ఏజెంటు సరేనన్నాడు. కార్పెంటరు నాలుగు శుక్రవారాలు వచ్చి కట్టాడు. పెళ్ళయి పదిహేనేళ్ళ తరవాత వాళ్ళిద్దరూ కలిసి కాపురం పెట్టింది ఆ గదిలో. నీలం రంగు కిటికీ కూడా ఉంది. తెరిస్తే ప్రహరీగోడ కనిపిస్తుంది.

సోమవారం మునిసిపాలిటీవాళ్ళు గేటుకి కాగితం అంటించారు. అసలు భవనానికి బయట చేర్చినవన్నీ ఆదివారం లోపల తీసెయ్యాలి. ఏజెంటు శనివారం పొద్దున మనుషుల్నీ పికప్పునీ తీసుకుని వస్తానన్నాడు. డ్రైవరు ఎవరినీ ఏమీ అడగలేదు. తను మళ్ళీ కఫీల్ గేటు గదికి, భార్య బస్సు కంపెనీవాళ్ళ లేడీస్ క్యాంపుకి అని తేల్చుకుని, సూట్‌కేసు మంచం మీద పెట్టి, ఆఖరి శుక్రవారం కదా అని గోంగూర గిల్లడానికి వచ్చాడు.

నేను కాగితం సంగతి ఎత్తకుండా నార్డెన్ మొదలుపెట్టాను. సుద్దముక్కతో హాలు గచ్చు మీద ఊరి పటం గీశాను. ఆరు బురుజుల నక్షత్రం గీయాలి. నాకు స్కేలు, టీ-స్క్వేరు ఉంటే ఏదైనా వస్తుంది. అవి లేకపోతే ఏదీ రాదు.

"నాన్నా, అది సాలెపురుగులా ఉంది," అంది మా అమ్మాయి.

"కాలొకటి తక్కువ పడ్డ సాలెపురుగు," అన్నాడు అకౌంటెంటు.

డ్రైవరు భార్య పటం దగ్గరికి జరిగి నా చేతిలోని పుస్తకంలో బొమ్మ చూసింది. "ఇది ముగ్గే గదా సార్. సందు చుక్కలు పెడితే వస్తాది. నేను ఏస్తా ఉండు," అని వంటింట్లోంచి పిండి గిన్నె తెచ్చుకుంది. ఏడు చుక్కలు ఒక వరస పెట్టి, పైకీ కిందకీ ఒక్కోటి తగ్గించుకుంటూ వెళ్ళింది. నేను మొదటి అధ్యాయం చెప్పే లోపల నార్డెన్ హాలు మధ్యలో లేచింది. ఆరు బురుజులు, ఒక్కోటి బాణం మొనలాగా. చుట్టూ కందకం, దాని చుట్టూ మరో కందకం. లోపల వీధులు తిన్నగా, అడ్డంగా, మా డెల్టాలో మళ్ళు విడగొట్టినట్టు.

"దారేదమ్మా?" అన్నాను.

"ఏం దారి?"

"ఊళ్ళోకి పోయే దారి. గేటు."

"ముగ్గులో సందు ఇడిస్తే ఎట్ల సార్? కానిదంతా లోపలికొస్తాది."

"ఊరన్నాక గేటుండాలి కదా."

ఆమె కాసేపు ఆలోచించింది. తరవాత మనసొప్పనట్టుగా చూపుడువేలితో ఒకచోట పిండి చెరిపింది. చాలా చిన్న సందు. నేను అంతకన్నా అడగలేదు.

చరిత్ర చెప్పాను. పాత ఊరు ఇంకోచోట, సముద్రానికి దగ్గరగా ఉండేది. సొంత దేశంలోనే రెండు పక్షాలు కొట్టుకుని దాన్ని తగలబెట్టాయి. మిగిలింది సముద్రం తీసుకుంది. బందరువాడికి ఉప్పెన అంటే ఏమిటో వివరించక్కర్లేదు కనుక ఆ పేరా తొందరగా దాటాను. అప్పుడు ఇప్పుడున్న చోట కొత్త ఊరు కట్టుకున్నారు. తరవాత స్పెయిన్ సైన్యం వచ్చింది. ఊరివాళ్ళు గట్టిగా ఎదిరించలేక తలుపులు తీసి, సైన్యాధికారులకి విందు పెట్టారు. భోజనాలయ్యాక సైన్యంవాళ్ళు ఊళ్ళో మగవాళ్ళందర్నీ ఒకచోటికి రమ్మని పిలిచి, చంపేసి, ఊరు కాల్చేశారు. చర్చి ఒక్కటి నిలిచింది.

"అన్నం తిని చంపినారా?" అన్నాడు డ్రైవరు.

"తినే చంపారు."

"ఏం కూరలు పెట్టిండ్రో," అన్నాడు కార్పెంటరు.

అకౌంటెంటు నవ్వలేదు. "మాష్టారూ, అందుకేనండీ గేటు తియ్యకూడదు అనేది. తీసినవాడు బాగుపడ్డట్టు చరిత్రలో ఎక్కడా లేదు," అన్నాడు. ఆయనకి ప్రతి కూడికలోనూ ఒక నీతి దొరుకుతుంది. తొందరగా దొరికితే మిగతా సమయం ఆకు గిల్లడు.

ఆ తరవాత ఫ్రెంచివాళ్ళు పట్టుకున్నారు. మళ్ళీ హాలండు యువరాజు ఒకడు వచ్చి విడిపించుకున్నాడు. ఇక ఇలా కుదరదని ఊరి చుట్టూ ఇప్పుడున్న మట్టికట్టలు, రెండు కందకాలు కట్టారు. బురుజు గుండ్రంగా కాకుండా మొనదేలి ఎందుకుంటుందో చెప్పాను. గుండ్రటి బురుజు మీద నిలబడ్డవాడికి సరిగ్గా తన కాళ్ళ దగ్గర నిలబడ్డ శత్రువు కనిపించడు. మొనదేలితే పక్క బురుజువాడికి కనిపిస్తాడు. ఎవరి గోడని వాళ్ళు కాపాడుకోలేరు. పక్కవాడి గోడని కాపాడతారు.

"మా క్యాంపుల గూడ గట్లనే కాకా," అన్నాడు కార్పెంటరు. "నా చెప్పులు నేను సూడ, పక్క మంచపోడు సూస్తడు. గందుకే రెండు జతలు పోయినయ్."

నీళ్ళ గురించి చెప్పినప్పుడు మాత్రం నేను కొంచెం ఉత్సాహపడ్డాను. శత్రువు వస్తున్నాడని తెలిస్తే హాలండువాళ్ళు తూములెత్తి పొలాల్లోకి నీళ్ళు వదిలేవాళ్ళు. మోకాలి లోతు. నడిచేవాడికి ఎక్కువ, పడవవాడికి తక్కువ. కింద ఏది రోడ్డో ఏది కాలవో తెలియదు. ముప్ఫై ఏళ్ళు నీళ్ళని పొలానికి చేర్చడానికి బొమ్మలు గీసినవాణ్ణి. నీళ్ళతో ఆ పని కూడా చేయించవచ్చని మా శాఖలో ఎవరూ చెప్పలేదు.

"పంటలు మునగవా సార్?" అంది డ్రైవరు భార్య.

"మునుగుతాయి."

"మాకాడ చినుకు కోసం మొక్కుకుంటాం. వాళ్ళు ముంచుకుంటారా," అన్నాడు డ్రైవరు.

"మస్తు నీళ్ళున్నోళ్ళ తిక్కలు గట్లనే ఉంటయ్," అన్నాడు కార్పెంటరు. "కాకా ఊరు గూడ గదే కదా."

ఇక చివరి అధ్యాయం. అది కోట లోపలిది కాదు, బయటిది. ఊరు చిన్నది, జనం పెరిగారు. కొందరు కట్ట బయట ఇళ్ళు కట్టుకున్నారు. కోటకి ఫిరంగి గురి చూసుకోవడానికి ఎదురుగా ఖాళీ ఉండాలి. అందుకని ఒక చట్టం చేశారు. కోట చుట్టూ ఇంత దూరం దాకా ఇల్లు కట్టుకుంటే కట్టుకోవచ్చు, కానీ చెక్కతోనే కట్టాలి. ఇటుక, రాయి పనికిరాదు. శత్రువు వస్తున్నాడని కబురు అందగానే ఆ ఇళ్ళని తగలబెట్టడానికో పీకెయ్యడానికో వీలుగా ఉండాలి. చాలాకాలం ఆ చట్టం నడిచింది. ఇప్పుడు లేదు. అలాంటి చెక్క ఇళ్ళు కొన్ని ఇప్పటికీ అక్కడ ఉన్నాయట. జనం వెళ్ళి ఫొటోలు తీసుకుంటారట.

చెబుతూ చెబుతూ, గిల్లిన గోంగూర కాడలు నాలుగు తీసి ముగ్గు బయట చతురస్రంగా పేర్చాను. పేర్చాక, అది హాల్లో ఏ వైపున పడిందో చూశాను. బయటి గది ఉన్న వైపే పడింది. కావాలని చేసింది కాదు. పటంలో ఉత్తరం అటు ఉంది.

మా అమ్మాయి నా వంక చూసింది. నేను పుస్తకం వంక చూసుకున్నాను.

డ్రైవరు కాడల చతురస్రాన్ని చూస్తూ, "కాల్చేసినాంక అందులో వాళ్ళు యాడికి పోయినారు సార్?" అన్నాడు.

ఎగతాళిగా అడగలేదు. డేగ జ్వరం గురించి నేను అడిగిన ప్రశ్నలు ఎలా అడిగానో అతనూ అలాగే అడిగాడు. నేను పుస్తకం తిరగేశాను. చట్టం ఎవరు చేశారో ఉంది. చెక్క ఎంత మందం ఉండాలో కూడా ఉందేమో, నాకు గుర్తులేదు. ఆ ఇళ్ళవాళ్ళు ఎక్కడికి వెళ్ళారో లేదు.

"పుస్తకంలో లేదు," అన్నాను.

"అదీ పుస్తకంలో ఉండాలా మాష్టారూ?" అన్నాడు అకౌంటెంటు. తెలిసిన జవాబు ఎవరూ చెప్పకపోతే ఆయనకి ఊపిరాడదు. "గేటు తీసి లోపలికి రానిచ్చి ఉంటారు. లేకపోతే ఇంకెక్కడికి వెళతారు పాపం? అంత కోట కట్టుకుంది మరెందుకు?"

అందరూ మళ్ళీ ఆకు గిల్లడంలో పడ్డారు.

"మరి గేటు తీద్దామా అన్నా?" అన్నాడు కార్పెంటరు.

అకౌంటెంటు చుట్టూ చూశాడు. "నేను నార్డెన్ సంగతి చెప్పాను."

"మేం గూడ గదే అడుగుతున్నం. నార్డెన్ల గేటు తీద్దామా అని."

"ఈ హాలుంది కదండీ," అంది మా అమ్మాయి, ఆకు మీంచి తల ఎత్తకుండా. "కిటికీ వైపు అంతా ఖాళీయే. శుక్రవారం తప్ప ఇక్కడ ఎవరం కూర్చుంటున్నాం?"

"నేను రోజూ కూర్చుంటున్నాను," అన్నాడు అకౌంటెంటు. అది నిజం. ఏసీ కింద ఆయనకో కుర్చీ ఉంది. "అయినా హాలు కామన్. మా ఆవిడ బట్టలారేసుకునేది అక్కడే. ఆవిడ లేనప్పుడు నిర్ణయం చేస్తే ఊరుకుంటుందా? అదీకాక ఏజెంటు ఏమంటాడు?"

డ్రైవరు లేచి నిలబడ్డాడు. "వద్దులే సార్. ఏందో తోచి అడిగినా. దాన్ని పట్టుకుని మీరు తగువులు పడొద్దు. కఫీల్ రూము ఉండాది, కొత్తగా ఫ్రిజ్ కూడా పెట్టినాడు." అతని భార్య నేను పేర్చిన కాడల చతురస్రంలో ఒకటి వంకరగా ఉంటే వేలితో సరిచేస్తోంది. చేశాక చెయ్యి అక్కడే ఉంచింది.

నాకూ ఆ హాలు పోవడం ఇష్టం లేదు. బయటి గది ఇక్కడికి వస్తే శుక్రవారం కూడికకి చోటుండదు. ఆ మాట అనడానికి నోరు తెరిచాను కూడా. ఇంతలో మా అల్లుడు, "అంకుల్, ఆంటీకి ఫోను చేసి అడగండి, అయిపోతుంది," అన్నాడు.

అకౌంటెంటు ఫోను చేశాడు. పెళ్ళిసందడిలో మాట వినపడక స్పీకరు పెట్టాడు. అది ఆయన చేసిన రెండో పొరపాటు. వెనక సన్నాయి, దాని వెనక ఎవరో జనరేటరు గురించి అరుస్తున్నారు. విషయమంతా విని ఆవిడ, "ఆ పిల్లని పంపించేస్తే పొద్దున్నే నేను ఎవరితో మాట్లాడాలండీ? మీతోనా?" అంది. అకౌంటెంటు ఏదో అనబోతే, "తాళికట్టే వేళయింది, పెట్టేస్తున్నా. బట్టల తీగ మేడ మీద కట్టించండి," అని పెట్టేసింది.

ఫోను జేబులో పెట్టుకుని ఆయన కాసేపు గేటు సందు వైపు చూశాడు. తరవాత, "గది కిటికీ వైపు కాదు, మెట్ల వైపు కట్టాలి. అప్పుడు నా కుర్చీకి గాలి అడ్డం రాదు," అన్నాడు. అక్కడి నుంచి పనంతా ఆయనే నడిపించాడు.

మా అల్లుడు ఏజెంటుకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. దాచిపెట్టి చేస్తే మొత్తం విల్లాకే ముప్పు అని అతని అభిప్రాయం. ఏజెంటు కేరళవాడు. అన్నీ విని, అవునని గానీ కాదని గానీ అనకుండా, పొద్దున వచ్చి చూసి చెబుతానన్నాడు. చూసి వద్దంటే డ్రైవరూ భార్యా సూట్‌కేసులతో రేపే వెళ్ళాలి. అది అందరికీ అర్థమైంది. అయినా యల్లా, ఇక కానిద్దాం అన్నాడు కార్పెంటరు, చొక్కా విప్పి తలుపు కొక్కేనికి తగిలిస్తూ.

ప్లైవుడ్ గదిని పీకితే సగం పాడవుతుందని నేననుకున్నాను. బయటికి వెళ్ళి చూస్తే అతను సుత్తి ముట్టుకోవడం లేదు. మూలల్లో బిగించిన చెక్క మేకుల్ని మునివేళ్ళతో తట్టి లాగుతున్నాడు. పలకలు ఒకదాని వెనక ఒకటి సుతారంగా వాలిపోతున్నాయి.

"ఇలా ఊడేటట్టు ఎందుకు కట్టావయ్యా?" అని అడిగాను.

"షట్టరింగోన్ని కదా కాకా. మేం ఇప్పుదామనే కడ్తం. కాంక్రీటు నిలబడంగనే మా పని ఖలాస్, తీసుకపోవుడే. ఇన్నేండ్లల్ల నేను కట్టింది ఒక్కటి గూడ ఉన్నకాడ లేదు." ఇంకో మేకు లాగి, "ఉంచుదామని కట్టుడు నాకు రాదు," అన్నాడు.

మెట్ల వైపు కొలతలు నేను తీశాను. పొరపాటూ నాదే. మెట్ల కింద దూలం ఒకటి కిందకి దిగి ఉందని చూసుకోలేదు. మొదటి పలక నిలబెట్టగానే దాని పైఅంచు దూలానికి తగిలింది. కొయ్యడానికి కార్పెంటరు ఒప్పుకోలేదు, కోస్తే మళ్ళీ ఎక్కడా పనికిరాదట. దూలాన్ని తప్పించాలంటే గోడని ముందుకి జరపాలి. జరిపితే అది సరిగ్గా నార్డెన్ మధ్యలోంచి పోతుంది.

"చెరిపేస్తా సార్, ముగ్గే గదా," అంది డ్రైవరు భార్య.

"ఉండనీ," అన్నాను.

గోడ ముగ్గు మీదే నిలబడింది. మూడు బురుజులు గదిలోకి వెళ్ళాయి, మూడు హాల్లో మిగిలాయి. గేటు సందు గది లోపలికి వచ్చింది. మా అల్లుడు లోపల పొయ్యి పెట్టకూడదని, వీధి తలుపుకీ వంటింటి తలుపుకీ దారి ఎప్పుడూ తెరిచే ఉండాలని చెప్పి, ఆ దారుల్లో తను స్వయంగా రెండుసార్లు అటూ ఇటూ నడిచి చూసుకున్నాడు. నీలం కిటికీ పలక ఒకటే మిగిలింది. దానికి ఒకేచోట అమరిక కుదిరింది. అక్కడ పెట్టాక కిటికీ ఎటు తెరుచుకుంటుందో ఎవరూ ఆలోచించలేదు. క్యాంపు బస్సు వేళయిందని కార్పెంటరు గోంగూర పచ్చడి డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. పోతూ గోడని ఒకసారి అరిచేత్తో తోసి చూశాడు.

నవంబరు 9, శనివారం పొద్దున.

రోజూలాగే లేచి మంచినీళ్ళ కోసం వంటింటికి వెళుతూ మోచెయ్యి గోడకి కొట్టుకున్నాను. ఇన్నాళ్ళూ తిన్నగా వెళ్ళే దారి ఇప్పుడు చుట్టూ తిరిగి వెళ్ళాలి. హాల్లో మిగిలిన మూడు బురుజులూ అలాగే ఉన్నాయి. గది తలుపు ముందు చిన్న ముగ్గు కొత్తగా పడి ఉంది. దానికి ఎక్కడా సందు లేదు.

ఏజెంటు టిఫిన్ల వేళకి వచ్చాడు. వెనక పికప్పు, ఇద్దరు మనుషులు. ముందు బయటి ఖాళీకి వెళ్ళాడు. అక్కడ గచ్చు మీద గది మేరకు తెల్లటి చతురస్రం తప్ప ఏమీ లేదు. దానికి ఫొటో తీశాడు. విప్పిపెట్టిన పైకప్పు రేకుల్ని పికప్పులో వేయించాడు. తరవాత చెప్పులు విప్పి హాల్లోకి వచ్చాడు. మేమందరం ఉన్నాం. అకౌంటెంటు తన కుర్చీలో, చేతిలో ఫోనుతో. డ్రైవరు డ్యూటీ చొక్కా వేసుకుని గది లోపలే ఉన్నాడు. సూట్‌కేసు మళ్ళీ మంచం మీద పెట్టారని మా అమ్మాయి తరవాత చెప్పింది.

ఏజెంటు ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచాడు. గోడ ముందు నిలబడి పైనుంచి కింద దాకా చూశాడు. వీధి తలుపు వైపు, వంటింటి వైపు చూశాడు. అరిచేత్తో గోడని తోశాడు. కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా తోశాడు. సరిగ్గా అప్పుడు ఆయన మొహానికి పక్కగా నీలం కిటికీ తెరుచుకుని, టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఒకటి బయటికి వచ్చింది.

ఆయన గ్లాసు వంక చూశాడు. తీసుకున్నాడు. నిలబడే తాగాడు. ఖాళీ గ్లాసు కిటికీలో పెట్టి, "బర్రా ఖలాస్," అన్నాడు, బయట అయిపోయింది అని. ఒక అడుగు వేసి ఆగి, గోడ వంక చూడకుండానే, "అందర్ మాఫీ మాలూమ్," అన్నాడు. లోపలి సంగతి తనకి తెలియదట. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

పికప్పు చప్పుడు వినపడనంత దూరం పోయాక డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. ప్రహరీగోడ ఉండాల్సిన చోట, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, ఏసీ కింద కుర్చీలో అకౌంటెంటు ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"గుడ్ మార్నింగ్ సార్," అన్నాడు డ్రైవరు.

"గుడ్ మార్నింగ్," అని అకౌంటెంటు కుర్చీ కాస్త పక్కకి జరుపుకున్నాడు.